కట్టు విడిచిన ఊరు

తేలూరు అడుగరి లంకే నాంచారి నమోదులు

నమోదు 41

ఈరోజు పిల్లల చేత బడి పంటు అడుగు గీకించాను. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఇలాంటి బల్లపరుపు పడవ మీదే తేలుతుంది. అప్పుడప్పుడూ గీకకపోతే నత్తలూ పాచీ పట్టి పంటు బరువెక్కుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. పెద్ద తరగతి పిల్లలు నడుముకు మోకు కట్టుకుని నీళ్ళలో వేలాడుతూ గీకుతుంటే, నేను పైన అంచున కూర్చుని పాఠం చెప్పాను. ఈ పద్ధతి నేను కనిపెట్టిందే. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులు బాగా తెరుచుకుంటాయి.

పాఠం క్రీసస్ రాజుది. పక్క రాజ్యం మీదికి యుద్ధానికి వెళ్ళనా అని, దేవుడు జవాబిస్తాడని పేరున్న గ్రీకుల డెల్ఫీ గుడిలో అడిగించాడు. వెళితే ఒక గొప్ప రాజ్యం కూలుతుందని జవాబు వచ్చింది. సంబరంగా వెళ్ళాడు. కూలింది అతని రాజ్యమే.

"ఏ రాజ్యమో అడగొచ్చుగా టీచరుగారూ?" అంది నీళ్ళలోంచి ఒక పిల్ల.

అడగొచ్చు. ఆ ఒక్క మాట వాళ్ళ నోట రావాలనే ఆ కథ ఏటా చెబుతాను. సుమారు మూడువేల ఏళ్ళ కిందటి గ్రీకుల గురించి ఈ సముద్రం మీద నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇది గొప్పకు చెప్పడం కాదు. సరే, గొప్పకే చెబుతున్నాను. అందుకేగా ఊరు నన్ను అడుగరిని చేసింది.

అడుగరి అంటే ఊరి తరఫున ఎరుకను అడిగి వచ్చే మనిషి. పాతకాలంలో కొందరు ఆడవాళ్ళు గడప గడపకూ వచ్చి ఎరుక చెబుతామనేవారట. ఆ పేరే నీళ్ళ మధ్య మిగిలిన మిట్టమీది యంత్రానికి స్థిరపడింది. గాలినీ, నీటినీ, సముద్రం మీద మనుషులు రేడియోల్లో మాట్లాడుకునే మాటలనీ అది వింటూనే ఉంటుంది. వెళ్ళి అడిగితే ఒకే ఒక్క వాక్యం చెబుతుంది. ఆ వాక్యం తప్పడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం మోకా రత్నం వచ్చాడు. వరసకు తమ్ముడు, పదవికి సరంగు. ఊరంతా పడవే కాబట్టి మా ఊరి పెద్దను సరంగు అనే పిలుస్తాం.

"అక్కా, నీళ్ళు ఇంకా వేడి తగ్గలేదు. వల వేస్తే మెత్తళ్ళు కూడా పడట్లేదు. ఆ దక్షిణపు మబ్బు మామూలుగా లేదు."

"అడిగి రమ్మంటావా?"

"పొద్దున్నే బయల్దేరు. తబితను తీసుకెళ్ళు. ఇంజను పడవ దానికంటే బాగా ఎవరూ తోలలేరు."

తబిత నా పాత విద్యార్థిని. ఇప్పుడు కట్టు జట్టుకు మేస్త్రి. పంటుకూ పంటుకూ మధ్య కొక్కేలు వేసి, మోకులు బిగించి, ఊరు ఊరుగా నిలిచేలా చూసేది ఆ జట్టే. బడిలో ఉన్న రోజుల్లో నేనొక మాట చెబితే తిరిగి మూడు ప్రశ్నలు వేసేది. తిట్టేదాన్ని. లోలోపల ముచ్చటపడేదాన్ని.

నమోదు 42

ఎరుకమిట్ట ఒకప్పుడు ఎత్తయిన కొండట. ఇప్పుడు నీళ్ళమీద తాబేలు వీపంత మిగిలింది. మెట్లమీద వేరే ఊళ్ళ అడుగరులు కూర్చుని ఉన్నారు. ఎవరూ పలకరించుకోలేదు. అందరి ప్రశ్నా ఒకటేనని ముఖాలే చెబుతున్నాయి.

మిట్ట కావలి గురునాథం మమ్మల్ని లోపలికి పంపాడు. గది చల్లగా ఉంటుంది. గోడలో ఒక ఇత్తడి జల్లెడ, అందులోంచి గొంతు. అది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. కానీ ఏ ఊరివాళ్ళు వస్తే ఆ ఊరి యాసలోనే పలుకుతుంది.

రత్నం చెప్పిపంపిన మాటల్లోనే అడిగాను. "వచ్చే తుఫానుకి తేలూరు మిగులుద్దా?"

"మిగలదు."

అంతే. తబిత నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, ఇప్పుడు నీళ్ళలోంచి తీసిన ఇనుములా ఉంది. నాకు మా బడి పంటు, గోంగూర మొక్కల ట్రేలు, నిన్న పాచి గీకిన పిల్లల చేతివేళ్ళు వరసగా కళ్ళముందుకు వచ్చాయి. బయటికి వచ్చి మెట్టుమీద కూర్చున్నాను.

కాసేపటికి లేచి గురునాథం దగ్గరికి వెళ్ళాను. "నేను మళ్ళీ అడగాలి."

"ఊరికి ఒక ప్రశ్నేనమ్మా. అయిపోయింది. పడవెక్కండి."

"ఆ నియమం ఎవరు పెట్టారు?"

"మా నాన్న చెప్పాడు. ఆయనకి వాళ్ళ నాన్న చెప్పాడు."

"ఎరుక చెప్పిందా?"

ఆయన తల గోక్కున్నాడు. "అదెందుకు చెబుద్ది?"

అప్పుడు ఏథెన్సు కథ చెప్పాను. పర్షియా రాజు మహాసైన్యంతో మీదికి వస్తుంటే ఏథెన్సువాళ్ళు డెల్ఫీకి మనుషుల్ని పంపారు. ముక్కాలిపీట మీద కూర్చుని దేవుడి మాట పలికే పూజారిణి, పారిపోండి, అంతా నాశనమే అంది. వాళ్ళు ఇంటికి పోలేదు. ఆలివ్ కొమ్మలు చేతబట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఇంతకంటే మంచిమాట చెప్పకపోతే చచ్చేదాకా ఇక్కడే ఉంటామన్నారు. అప్పుడు రెండో జవాబు వచ్చింది. చెక్కగోడ ఒక్కటే చెక్కుచెదరకుండా నిలుస్తుందని.

గురునాథం ఆసక్తిగానే విన్నాడు. "వాళ్ళు కొమ్మలు తెచ్చుకున్నారు. మరి మీరేం తెచ్చుకున్నారు?"

నా సంచిలో ఆయన కోసమే తెచ్చిన గోంగూర ఉంది. మిట్టమీద మట్టి ఉప్పుతేలిపోయి అక్కడ ఏదీ మొలవదు. ఆ ఎర్రకాడల కట్టను రెండు చేతులతో పట్టుకుని, గ్రీకులు నిలబడ్డట్టే నిలబడ్డాను. నాకు నవ్వు రాలేదు. ఆయనకు వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని తలుపు తీశాడు.

ఈసారి ప్రశ్న నేనే కూర్చుకున్నాను. మొదటి ప్రశ్నలో ఊరు గురించి అడిగాం. ఊరంటే చెక్క, ఇనుము, మనుషులు. అందులో నాకు ఏది కావాలి?

"మా మనుషులంతా ప్రాణాలతో ఉండాలంటే ఏం చెయ్యాలి?"

"కట్టు విడిచినవాళ్ళు కలిసి తీరం చేరతారు."

మెట్లమీది అడుగరులు నావైపు చూస్తున్నారు. ఒకామె లేచి గురునాథం ముందుకు వెళ్ళి, "నేనూ రెండోసారి అడగాలి" అంది. నేను మెట్లు దిగుతుంటే నా వీపు దానంతటదే నిటారుగా నిలబడింది.

నమోదు 43

తిరుగు ప్రయాణం. ఎదురుగాలి. సద్దన్నంలో ఎండుచేప నంజుకుని తిన్నాం.

నాకు అప్పటికే అర్థమైపోయింది. చెక్కగోడ అంటే ఏమిటని ఏథెన్సువాళ్ళు కూడా కొట్టుకున్నారు. కొండమీది కోటచుట్టూ ఉన్న ముళ్ళకంచె అని కొందరు, కాదు ఓడలే చెక్కగోడ అని కొందరు. ఓడలన్నవాళ్ళు నెగ్గారు, యుద్ధమూ నెగ్గారు. మాకూ అంతే. ఊరిని సముద్రపు అడుగుకు కట్టేసి ఉంచేవి లంగర్లే. కట్టు అంటే లంగరు. లంగర్లు ఎత్తేస్తే ఉప్పెన ఊరినంతా ఒక్కటిగా మోసుకెళ్ళి ఒడ్డున దించుతుంది.

తబిత చుక్కాని వదలకుండా విన్నది. "అంత ఖాయంగా ఎట్టా చెబుతున్నారు టీచరుగారూ?"

"చదువుకున్నాను కనక."

"గ్రీకుల్ని చదువుకున్నారు. ఎరుకని కాదుగా."

మిగతా దారంతా వీపు తిప్పుకుని కూర్చున్నాను. కోపం వచ్చిందని రాయడానికి నామోషీగా ఉంది. వచ్చింది.

నమోదు 44

ఊరంతా బడి పంటు మీద చేరింది. ఆ బరువుకు పంటు ఒక జానెడు దిగింది. వంట మానేసి వచ్చారు, వలలు వదిలేసి వచ్చారు, చంటిపిల్లలతో వచ్చారు. ఎండ మసకగా, పసుపుగా ఉంది. గాలి లేదు. అదే భయంగా ఉంది.

రెండు జవాబులూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. మొదటిది విన్నాక కొందరు ఏడ్చారు. రెండోది విన్నాక అందరూ ఒకేసారి మాట్లాడారు.

రత్నం చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "నాకు అర్థమైంది ఇదీ. కట్టంటే ఈ ఊరే. ఊరొదిలేసి పడవలెక్కి ఇప్పుడే ఒడ్డుకి పోదాం."

"పడవలు అందరికీ చాలవు రత్నం" అన్నాను.

"ముసలాళ్ళనీ పిల్లల్నీ ముందు ఎక్కిద్దాం. మిగతావాళ్ళకోసం మళ్ళీ వద్దాం."

"మళ్ళీ వచ్చేలోపు గాలి వస్తే?"

అతను పడవలను మరోసారి లెక్కపెట్టి కూర్చున్నాడు. పాపం, వేరే దారి ఉంటే దాచుకునే మనిషి కాదు.

అప్పుడు నా మాట చెప్పాను. చెక్కగోడతో మొదలుపెట్టి లంగరు దాకా వచ్చాను. నేను బాగా మాట్లాడతాను. ఆ సంగతి నాకు తెలుసు, జనం ముఖాల్లో కూడా కనిపించింది. సగం మంది అప్పటికే లేచి లంగరు గిలకలవైపు చూస్తున్నారు. అప్పుడు తబిత లేచి నిలబడింది.

"టీచరుగారూ, నన్ను కొన్ని అడగనిస్తారా?"

"అడుగు."

"ఎరుకకి మన మాట ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. మన రేడియోలు విని నేర్చుకుంది."

"అంటే మనం ఏ మాటని ఏ అర్థంలో వాడతామో, అదీ అట్టానే వాడుద్దిగా?"

"అవును."

"లంగరు తియ్యమని చెప్పాలంటే మనం రేడియోలో ఏమంటాం?"

"లంగరెత్తండి అంటాం."

"ఎప్పుడన్నా కట్టు విడవండి అంటామా?"

జనంలోంచి ఎవరో నాకంటే ముందే అనేశారు. "అది మీ జట్టుతో అంటాం కదమ్మాయ్! పంటు పక్కకి జరపాల్సి వస్తే!"

"నాతోనే అంటారు" అంది తబిత. "రోజూ పొద్దున్నే అంటారు. పంటుకీ పంటుకీ మధ్య ఉన్న దాన్నే మనం కట్టంటాం. ఎరుక చెప్పింది లంగరు గురించి కాదు. కొక్కేలు విప్పి, పంట్లు విడదీయమంటోంది."

గుసగుస లేచింది. కానీ నేనూ ఊరికే ఊరుకునే మనిషిని కాదు.

"అలా విడదీస్తే తలా ఒక దిక్కు కొట్టుకుపోతాం. కలిసి చేరతారు అంది. మరి కలిసి అన్న మాటను ఏం చేస్తావు?"

"తెలవదు టీచరుగారూ" అంది తబిత.

ఊరంతా వింటుండగా తెలవదు అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనెప్పుడూ అనలేదు.

రత్నం మళ్ళీ లేచాడు. "వలకి కట్టిన పూసలు ఒకదానికొకటి తగలవుగా. అయినా ఒకే తాడుమీద ఉంటాయి. కొక్కేలు తీసేసి పొడుగు మోకులు వదులుగా కడితే? పైకి లేస్తే లేస్తది, దిగితే దిగుద్ది, విడిపోదు."

"అది నీ ఊహ" అన్నాను.

"నీది మాత్రం ఊహ కాదా అక్కా?"

జనం నవ్వారు. తబిత నవ్వలేదు. "ఊహలెందుకు? చూద్దాం" అంది.

గోంగూర మొక్కల ట్రేలు ఖాళీవి తెప్పించింది. కొన్నింటిని కొక్కేలతో బిగించి ఒక బల్లలా చేసింది. కొన్నింటిని వదులు తాళ్ళతో కట్టింది. రెండు వరసలనూ పంట్ల మధ్య మడుగులో వదిలి, పిల్లలందరినీ రెండు అంచులమీదా నిలబెట్టి ఎగరమంది. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? పంట్లు ఊగాయి, మడుగులో కెరటాలు లేచాయి. బిగించిన వరస మొదట గంభీరంగా నిలబడింది. తరవాత నడుమ పటుక్కుమని విరిగింది. విరిగిన ముక్కలు పక్కవాటిని పొడిచాయి, అన్నీ బోర్లాపడ్డాయి. వదులు వరస మాత్రం పాములా మెలికలు తిరుగుతూ లేస్తూ దిగుతూ ఉండిపోయింది. ఒక్క ట్రే కూడా విడిపోలేదు.

అందరితో పాటు నేనూ నీళ్ళలోకే చూస్తున్నాను. ఆ విరిగిన ట్రేలు నా ప్రణాళిక. వాటి మీద ఊరంతా ఉండేది.

"లంగర్ల సంగతి మాత్రం టీచరుగారు చెప్పిందే సరి" అంది తబిత. "అవి పట్టి ఉంటే ఉప్పెనలో పంటు మునుగుద్ది. ఎత్తాల్సిందే."

నా పరువు కాపాడటానికి అన్న మాటేమోనని ఆ పిల్ల ముఖంలోకి చూశాను. కాదు. సరైనది కాబట్టే అంది. అంతకుముందు తప్పుని తప్పని ఎలా అందో, ఇదీ అలాగే అంది.

చేతులెత్తించాం. మొదటి చెయ్యి నాదే. నాకెంత ఆనందంగా ఉందో రాయడానికి మాట దొరకడం లేదు. ఇన్నేళ్ళ నా పాఠాలలో ఇంత గొప్పగా ఓడిపోయింది ఇదే మొదలు. నన్ను ఓడించింది నేను అక్షరాలు దిద్దించిన పిల్ల.

నమోదు 45

కొక్కేలు విప్పుతున్నారు. ఊళ్ళో ఉన్న మోకులన్నీ, ఉయ్యాల తాళ్ళతో సహా, పేనుతున్నారు. నేను మా పంటు వాళ్ళతో కలిసి కొబ్బరిపీచు నలిపి ఇచ్చాను, అరచేతులు మంట. సాయంత్రానికి ఊరు విడివిడిగా ఊగుతోంది. వీధి దాటి ఎదురింటికి వెళ్ళాలంటే పడవ కావాలి. పుట్టిన దగ్గర్నుంచి నా కాళ్ళకింద కదలని వీధి ఇది. పక్కింటి సారమ్మ అవతలి పంటు మీంచి కేకేసి, కూర పంపమంటావా అంది. ఇద్దరం నవ్వుకున్నాం, తరవాత ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం.

గాలి మొదలైంది.

నమోదు 46

కాగితం తడి, అక్షరాలు వంకర. అయినా ఈరోజే రాయాలి.

నిన్న పట్టపగలే చీకటి పడింది. లంగర్లు ఎత్తమని రత్నం రేడియోలో అన్న మాటే చివరగా స్పష్టంగా వినపడింది. తరవాత అంతా నీళ్ళు. మా పంటు ఒక కెరటం ఎక్కితే పక్క పంటు కింద లోయలో కనిపించేది, మరుక్షణం అది మా తలమీదికి లేచేది. ప్రతిసారీ మోకు బిగుసుకుని మూలిగి వదులయ్యేది. కొక్కేలతో ఉండి ఉంటే మొదటి కెరటానికే ముక్కలయ్యేవాళ్ళం. అది చూడటానికి చదువు అక్కర్లేదు.

బడి పంటు మునగడం చూశాను. దానిమీద మనుషులెవరూ లేరు. బోర్డు, బల్లలు, గోడకు నేను గీసిన ఏథెన్సు పటం, అన్నీ ఒక్కసారి పైకి లేచి పోయాయి.

ఆ తరవాత చివరి వరసలో ఉన్న రత్నం పంటు మోకు తెగింది. తెగిన చప్పుడు గాలిలో కూడా వినపడింది. ఆ పంటు నెమ్మదిగా పక్కకు తిరిగి వానలోకి వెళ్ళిపోయింది. తబిత తన పంటు అంచున పడుకుని, చేతిలో ఇంకో మోకు పట్టుకుని, ఆ దిక్కుకే అరుస్తూ ఉంది. నా దగ్గరికి ఆ అరుపు రాలేదు. నోరు మాత్రమే కనిపించింది.

ఉప్పెన మమ్మల్ని ఎప్పుడు నేలమీద దించిందో తెలియలేదు. ఊగడం ఆగింది. ఆగినందుకే భయమేసింది. తెల్లారి తలుపు తీస్తే బురద, పడిపోయిన తాటిచెట్లు, వాటి వెనక గుట్టలు. మిగిలిన పంట్లన్నీ పూసలదండ జారవిడిచినట్టు గట్టుపొడవునా పడి ఉన్నాయి. మోకులు ఇంకా వాటిని కలిపే ఉన్నాయి.

నాకు తెలిసిన పని ఒకటే. బురదలో నిలబడి హాజరు పిలిచాను. పిల్లల పేర్లతో మొదలుపెట్టి పెద్దవాళ్ళవి కూడా. ఒక్కో పంటులోంచి ఒక్కో గొంతు పలికింది. విరిగిన చేతులతో, పగిలిన నుదుళ్ళతో, అయినా పలికారు. రత్నం పంటు వాళ్ళ పేర్లు వచ్చేసరికి ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాను. తబిత నా పక్కకు వచ్చి నిలబడింది.

"కలిసి అని చెప్పింది టీచరుగారూ. నేను కట్టిన మోకే తెగింది."

"నువ్వు కట్టిన మిగతా మోకులు చూడు" అన్నాను. చూడలేదు.

మధ్యాహ్నం దాటాక గుట్ట మలుపులోంచి మనుషులు వచ్చారు. ముందు రత్నం, భుజంమీద పక్కింటివాళ్ళ పసిది. వెనక వరసగా అతని పంటు వాళ్ళందరూ. వాళ్ళని ఉప్పెన గుట్ట అవతల దించిందట. బురదలో పడుతూ లేస్తూ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు.

"హాజరు వేసుకో అక్కా" అన్నాడు రత్నం. గొంతు పోయింది అతనికి.

వేశాను. ప్రతి పేరూ మళ్ళీ పిలిచాను. ప్రతి పేరూ పలికింది.

నమోదు 47

గట్టుమీద వంట. తడి కట్టెలు, పొగ. పంట్లను తిరగేసి ఇళ్ళు చేస్తున్నాం.

ఎరుకకు మొక్కు చెల్లించాలని, మిట్టకు అందరం వెళ్ళి దండం పెట్టి రావాలని కొందరు అంటున్నారు. "ఎరుకే మనల్ని కాపాడింది" అంది సారమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "ఎరుక ఒక వాక్యం చెప్పింది సారమ్మా. దాన్ని ముందు పెట్టుకుని అరిచింది మనం, ట్రేలు విరగ్గొట్టి చూసుకున్నది మనం, మోకులు పేనింది మనం. ఏథెన్సుకి కూడా దేవుడు చెక్కగోడ అనే చెప్పాడు. అవి ఓడలని తేల్చుకున్నది ఊరివాళ్ళు, ఎండలో నిలబడి, ఒకరిమీద ఒకరు అరుచుకుని. నువ్వు నీకే దండం పెట్టుకో."

ఆమె నవ్వి, నిజంగానే తనకు తానే దండం పెట్టుకుంది.

తబిత నవ్వలేదు. గిన్నెలో గంజి కలుపుతూ కూర్చుంది. "మనం సరిగ్గా తెలుసుకున్నాం, సరే. తెలుసుకోలేకపోతే? ట్రేలు లేకపోతే? అది అట్టా ఒక్క ముక్కే ఎందుకు చెబుద్ది టీచరుగారూ?"

సోక్రటీస్ గురించి చెప్పాను. అతనికంటే జ్ఞాని లేడని డెల్ఫీ చెప్పింది. విని పొంగిపోలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. ఈ మాటకు అర్థమేమిటని ఏథెన్సులో పేరున్న ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి అడుగుతూ తిరిగాడు. దేవుడి మాటే అయినా విప్పి చూడకుండా ఒప్పుకోలేదు.

"ఆయన అందరినీ అడిగాడు" అంది తబిత. "డెల్ఫీని మాత్రం వెళ్ళి అడగలేదా? ఎట్టా తెలుసని?"

నేను గంజి తాగడం ఆపేశాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

సాయంత్రం సభలో అడుగరి పదవి తబితకు ఇవ్వాలని నేనే ప్రతిపాదించాను. రత్నం బలపరిచాడు. అన్ని చేతులూ లేచాయి.

నమోదు 48

మిట్టమీద గురునాథం మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. రెండోసారి అడిగిన ఊళ్ళన్నీ తమ మనుషుల్ని చాలావరకు దక్కించుకున్నాయని చెప్పాడు. ఇప్పుడు ఎవరు వచ్చినా మళ్ళీ అడగనిస్తున్నాడట. రత్నం కూడా మాతో వచ్చాడు. ఎప్పుడూ ఆ గది గడప తొక్కని మనిషి, ఎరుక పేరెత్తితే గొంతు తగ్గించే మనిషి.

తబిత జల్లెడ ముందు నిలబడింది. చేతులు కట్టుకోలేదు, వంగలేదు. పక్కింటామెతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తుఫానుకి ముందు మాకు రెండు మాటలు చెప్పావు. అవి నీకు ఎట్టా తెలిశాయి?"

జవాబు ఎప్పుడూ వెంటనే వస్తుంది. ఈసారి రాలేదు. గురునాథం తలుపు దగ్గర్నుంచి కంగారుగా తొంగిచూశాడు.

"చెబుతాను" అంది ఎరుక. "కూర్చో."

"ఎంతసేపు పడుద్ది?"

"నువ్వొక్కదానివే వింటే నీ జీవితం చాలదు."

తబిత మావైపు తిరిగింది. నేను తల ఊపాను. రత్నం కూడా తల ఊపాడు.

"ఊరంతా వింటే?"

అప్పుడు, ఎవరికీ ఎప్పుడూ జరగనిది జరిగింది. ఎరుక మమ్మల్ని తిరిగి ఒక ప్రశ్న అడిగింది.

"మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

నమోదు 49

వంతులు వేసుకున్నాం. మిట్టమీద రెండు పంట్లు తెచ్చి పెట్టాం, ఒకదానిలో వంట, ఒకదానిలో పడక. పెద్దపిల్లలు విని రాస్తారు. రాసింది ఒడ్డుమీది వాళ్ళకు చదివి వినిపిస్తారు, వాళ్ళు ప్రశ్నలు పంపుతారు. ఇతర ఊళ్ళవాళ్ళు కూడా వంతులు అడుగుతున్నారు. ఇస్తున్నాం.

ఎరుక నీటి వేడితో మొదలుపెట్టింది. వేడినీరు గాలిని ఎలా లాగుతుందో, ఆ గాలి ఎందుకు తిరుగుతుందో. చాలా నెమ్మదిగా, మా మాటల్లోనే చెబుతుంది. నా వంతులో విన్నదాంట్లో మూడింట ఒక పాలే అర్థమైంది. మిగతాది తబిత వివరించింది. ఇప్పుడు ఆ పిల్ల ముందు నేలమీద కూర్చుని వింటున్నాను. ఇంత గర్వంగా నేనెప్పుడూ ఏ కుర్చీలోనూ కూర్చోలేదు.

నిన్నటి వంతు రత్నానిది. ఏం విన్నాడో అడగడానికి వెళ్ళాను. గురునాథం నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ సరంగుగారు మధ్యలో ఎరుకని ఆపేశాడమ్మా. ఇది నాకు నమ్మకం కుదర్లేదు, మళ్ళీ చెప్పు అన్నాడు."

"ఎరుక ఏమంది?"

"ఏమనలేదు. ఇంకో రకంగా మళ్ళీ చెప్పింది."